రైతుబజారు పుట్టుక

రైతుబజారు 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది. అప్పటి చంద్రబాబు నాయుడు ప్రభుత్వం తలపెట్టిన ఈ పథకం సారం ఒక్కటే: కూర పండించినవాళ్లు, వండుకునేవాళ్లు కాటాకు చెరోపక్క నిలబడాలి, మధ్యలో దళారి ఉండకూడదు.

పల్లెల్లో ఇది కొత్త సంగతి కాదు. వారపు సంతకు చుట్టుపక్కల రైతులు గంపలతో వచ్చి తమ పంట తామే అమ్ముకోవడం ఎప్పటినుంచో ఉంది. పట్నాలు పెరిగేకొద్దీ తోటకూ వంటింటికీ నడుమ చేతులు పెరిగాయి: టోకు మార్కెట్టు, కమీషన్ ఏజెంటు, మారుబేరగాడు, తోపుడు బండి. 1966 నాటి మార్కెట్ల చట్టం యార్డుల్లో తూకానికీ కమీషన్‌కూ కట్టుబాట్లు తెచ్చింది. అయినా కోసిన తోటకూరను మంచి ధర వచ్చేదాకా దాచుకునే వీలు ఏ రైతుకుంది? చెప్పిన ధరకు ఇచ్చేసి ఇంటిదారి పట్టడమే. పంజాబ్‌లో 1987లోనే ‘అప్నీ మండీ’ పేరుతో రైతులు నేరుగా అమ్ముకునే ఏర్పాటు జరిగింది. తెలుగు నేల మీద ఆ ఆలోచన ఇంకా పకడ్బందీగా అమలైంది.

ఆ పకడ్బందీ అంతా గుర్తింపు కార్డులోనే ఉంది. రెవెన్యూ, ఉద్యాన, వ్యవసాయ శాఖల సిబ్బంది ఊళ్లకు వెళ్లి, ఎవరు ఏ కూరగాయ పండిస్తున్నారో చూసి రైతులకు కార్డులిచ్చారు. కార్డు ఉన్నవారికే చోటు. గంపలతో సహా రైతులను తెచ్చేందుకు ఆర్టీసీ బస్సులు నడిపారు. టోకు ధర కన్నా సుమారు 25 శాతం ఎక్కువ, బయటి చిల్లర ధర కన్నా సుమారు 25 శాతం తక్కువ ఉండేలా రోజూ పొద్దున్నే ధర కట్టి బోర్డు మీద రాస్తారు. ఇద్దరికీ లాభం కలిగించే ఈ లెక్కే రైతుబజారును నిలబెట్టింది.

హైదరాబాదులో మెహిదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, విశాఖలో సీతమ్మధార, ఎం.వి.పి. కాలనీ వంటి చోట్ల పొద్దుటి సందడి చూస్తే జనం ధర కోసమే రారని తెలుస్తుంది. తడి ఆరని గోంగూర, చుక్కకూర కట్టలు, పొద్దు పొడవకముందే కోసిన బెండకాయలు, చలికాలం చిక్కుళ్లు, ఎండాకాలం ఆవకాయకు అక్కడే ముక్కలు కొట్టించుకునే మామిడికాయలు, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. కాకర ఎందుకు చేదెక్కిందో, ఏ వంకాయ గుత్తికి బాగుంటుందో పండించిన మనిషినే అడగవచ్చు. ఏ దుకాణంలోనూ దొరకని సుఖం ఇది.

రైతుబజారు మొదలైన 1999లోనే, నవంబరులో తమిళనాడు ప్రభుత్వం మదురైలో ‘ఉళవర్ సందై’ పేరుతో ఇలాంటి బజార్లే మొదలుపెట్టింది.

చిక్కులూ ఉన్నాయి. స్థానికంగా పండని ఉల్లి, బంగాళాదుంపల అమ్మకం డ్వాక్రా మహిళా సంఘాలకు ఇచ్చారు. రైతు కార్డుతో వ్యాపారి కూర్చోవడం మాత్రం చాలాచోట్ల పాత ఫిర్యాదే. పొలం పని వదిలి రోజంతా కాటా దగ్గర కూర్చోవడం చిన్న రైతుకు కష్టం కాబట్టే ఆ సందు దొరుకుతోంది. తనిఖీ సడలిన చోట పథకం ఉద్దేశమే దెబ్బతింటుంది.

2014లో రాష్ట్రం విడిపోయాక రెండు ప్రభుత్వాలూ రైతుబజార్లను కొనసాగించాయి. 2019 డిసెంబరులో ఉల్లి ధర మండిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో 25 రూపాయలకు ఉల్లిపాయలు అమ్మించింది రైతుబజార్లలోనే.