ఆబిడ్స్ చివరి 'స్' ఎవరిది?

ఈద్ ఖరీదీకనో, పిల్లల కితాబుల కోసమనో మనలో చాలామంది హైదరాబాద్ ఆబిడ్స్‌కి వెళ్లినవాళ్లమే. ఆ పేరు చివర 'స్' ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? అది బహువచనం కాదు, మిల్కియత్ నిషానీ.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఖిద్మత్‌లో అల్బర్ట్ అబిద్ అనే ఆయన ఉండేవాడు. ఆయన అక్కడ ఓ దుకాణం పెట్టాడు. ఉర్దూలో 'అబిద్ కీ దుకాన్', తెలుగులో 'అబిద్ గారి దుకాణం'. ఇంగ్లీషులో అబిద్ పేరు తర్వాత పైన ఓ చిన్న కొక్కెం, ఆపైన ఎస్. ఆ కొక్కెమే అపాస్ట్రఫీ. దుకాణం పోయింది, మాలిక్ పోయాడు, కొక్కెమూ రాలిపోయింది. 'స్' మాత్రం మహల్లా పేరులో మిగిలింది.

ఈ కొక్కెం తారీఖ్ కూడా దిల్‌చస్ప్‌గా ఉంటుంది. పాత ఇంగ్లీషులో చాలా పదాలకు 'యొక్క' అనే అర్థం కోసం చివర 'ఎస్' చప్పుడుతో ఈ, ఎస్ అనే రెండు అక్షరాలు చేర్చేవారు. పలుకుబడిలో ఈ జారిపోయింది. 16వ శతాబ్దంలో ఫ్రెంచివాళ్లను చూసి, జారిపోయిన అక్షరం చోట ఇంగ్లీషువాళ్లు అపాస్ట్రఫీ పెట్టడం మొదలుపెట్టారు. అంటే అది మొదట గైర్‌హాజరైన అక్షరానికి గుర్తు. హక్కుకు గుర్తుగా స్థిరపడింది తర్వాతే.

మన ఇజాఫత్ గుర్తొస్తోంది నాకు. 'షేర్-ఎ-మైసూర్'లో ఆ 'ఎ' కోసం షేర్ కింద జేర్ పెట్టాలి. చాలామంది రాయరు, చదివేవాళ్లే కలుపుకుంటారు. తేడా ఒకటే: ఇజాఫత్ సొత్తుకు తగులుకుంటుంది, అపాస్ట్రఫీ మాలిక్‌కు.

మనలో దుకాణదారులు ఎక్కువ కాబట్టి ఖాయిదా చెప్పుకుందాం. మాలిక్ రహీమ్ ఒక్కడే అయితే రహీమ్, అపాస్ట్రఫీ, ఎస్. బ్రదర్స్ అందరిదీ అని చెప్పాలంటే ఎస్ ముందు, అపాస్ట్రఫీ తర్వాత. రహీమ్, కరీమ్ ఇద్దరిదీ ఒకే దుకాణమైతే గుర్తు రెండో పేరుకే చాలు. ఇద్రీస్, యూనుస్ లాంటి పేర్లకు ఎస్ ఉన్నా, అపాస్ట్రఫీతో మరో ఎస్ చేర్చవచ్చు. 'అండ్ సన్స్'కు, 'మొబైల్స్'కు అసలు అక్కర్లేదు, అవి ఉత్త బహువచనాలు. అలాంటిచోట పెట్టే గుర్తును ఇంగ్లండ్‌లో 'కూరగాయల వ్యాపారి అపాస్ట్రఫీ' అని మజాక్ చేస్తారు.

అక్కడి పెద్ద దుకాణాలూ ఒక దారిన లేవు. సెయిన్స్‌బరీస్ తన గుర్తును కాపాడుకుంది. హారడ్స్ వదిలేసింది. టిమ్ వాటర్‌స్టోన్ 1982లో మొదలుపెట్టిన కితాబుల దుకాణం 2012లో దాన్ని తీసేసింది. ఇంటర్నెట్ జమానాలో అదే సులువని కంపెనీ వజహ్ చెప్పింది. వ్యాపారానికి నష్టమేమీ లేదు.

కానీ ఆబిడ్స్ సంగతి చూడండి. ఆ గుర్తు ఉన్నంతకాలం 'ఎవరీ అబిద్?' అని అడగడానికి ఓ దర్వాజా తెరిచి ఉండేది. అది పోయాక పేరు ఉత్త చిరునామా అయింది. మీ దుకాణం బోర్డు మీద దాదా పేరో, అబ్బాజాన్ పేరో ఉంటే పెయింటర్‌కి ఆ కొక్కెం ఎక్కడ పెట్టాలో కాగితం మీద రాసివ్వండి. పేరు మీద ఆ మనిషి హక్కు చెప్పేది అంత చిన్న గీతే.