మన రేవు ఇంజను మేస్త్రి

మన తీరమున నావల చరిత్ర మిక్కిలి ప్రాచీనమైనది. శాతవాహనుల నాణెములపై రెండు తెరచాపకొయ్యలు గల యోడ ముద్రింపబడి యున్నది. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, పూర్వరాజులు తుపానునకు జిక్కి యొడ్డునబడిన యోడల సరకును గైకొనుచుండగా, తాను మాత్రము న్యాయమైన సుంకము దప్ప మఱేమియు గ్రహింపనని వర్తకులకు వాగ్దానము చేసెను. భోజరాజకృతమని చెప్పబడు యుక్తికల్పతరువునందు నౌకల భేదములును, కొలతలును, కొయ్యల జాతులును వర్ణితములైనవి. సముద్రమున అయస్కాంతశిలలుండును గావున నోడ యడుగు పలకలను ఇనుముతో గూర్పరాదని యందు విధింపబడినది. మన పూర్వులును మసూలా పడవలను మేకు లేకుండ కొబ్బరిపీచు త్రాటితో గుట్టెడివారు. అయితే అది శిలలకు వెఱచి గాదు. కెరటము దెబ్బకు మేకు గొట్టిన పలక పగులును, కుట్టిన పలక వంగి నిలుచును. ఆ గ్రంథకర్త యొకసారి రేవునకు వచ్చి, ఏ వడ్రంగినైన నడిగియుండిన బాగుండెడిదని మాకు దోచుచుండును.

ఇన్నింటియందును రాజు గలడు, వర్తకుడు గలడు, పండితుడు గలడు. నావను బాగుచేసినవాడు లేడు. గోదావరీముఖమందలి కోరంగి యోడలు కట్టుటకును మరమ్మతునకును బేరుగన్న రేవు. 1789లోను, మరల 1839లోను తుపానులు దానిని ముంచివేసినవి. బర్మాకు బోయిన తెలుగువారి నా దేశస్థు లా రేవు పేరుతోనే కోరంగీలని పిలిచిరి. అంతటి రేవున ఉలిపట్టిన వారిలో నొక్కని పేరైనను మేము చదివిన చరిత్రలలో గానరాదు. గడచిన సంవత్సరము కాలధర్మము నొందిన మన ఇంజను మేస్త్రిగారి విషయమున నట్లు జరుగరాదని యీ నాలుగు పుటలు వ్రాయుచున్నాము. ఆయనను రేవున మేస్త్రి యనియే కాని పేరుపెట్టి పిలిచినవారు లేరు. మేము నట్లే పిలిచెదము.

తెరచాప యుగమున ఇట్టి మనుష్యుని యవసరము లేకుండెను. 1950 తరువాత ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు జెందిన నౌకాశిల్పులు మన తీరమునకు దగిన ఇంజను బోట్లకు నమూనాలు గీసిరి. కాకినాడ ప్రాంతమున పాబ్లో బోట్లని వాడుక పడినవి యా కాలమువే. 1979లో మద్రాసు కేంద్రముగా బంగాళాఖాత కార్యక్రమ మారంభమై, ఇసుక తగులగనే ఫ్యానును పైకెత్తుటకు వీలగు తీరపు బోట్లను ప్రయోగించి చూచిరి. పిమ్మట కఱ్ఱతెప్పల స్థానమున ఫైబరు తెప్పలు వచ్చినవి. గాలి లేనపుడు తెరచాప నావవాడు తెడ్డు వేసికొనును. ఇంజను నిలిచిన పెద్దబోటు మాత్రము నీటిపై దేలు పెట్టెయే. ఆ దినమునుండి మనవారి ప్రాణము నాజిల్ రంధ్రమున నిలిచినది.

మేస్త్రి సముద్రపు వాడు గాడు. డెల్టా పల్లెలలో వరిమిల్లు ఆయిలింజనుల యొద్ద పని నేర్చి, రేవున బోట్లు హెచ్చుచున్న కాలమున వచ్చి తాటాకు పాక వేసికొనెను. ఇంజనునకు జెవియొగ్గి విని, మూత విప్పక మునుపే దోషము చెప్పెడివాడు. వైద్యుడు నాడి చూచినట్లని మేము పరిహాసమాడిన, "నాడి అబద్ధమాడొచ్చు పంతులుగారూ, పొగ ఆడదు" అనెడివాడు. నల్లని పొగ గాలి చాలదనుటకో నూనె యెక్కువగుటకో, తెల్లని పొగ నూనె మండకుండుటకో నీరు చేరుటకో, నీలపు పొగ లోపలి కందెన కాలుటకో గుఱుతు. మాకు నిది యాయన చెప్పిన పాఠమే.

సముద్రమధ్యమున ఇంజను లాగుటకు బెక్కుసారులు కారణము పెద్దది గాదు. డీజిలు గొట్టమున గాలి చిక్కును, లేదా ఫిల్టరులో నీరు చేరును. పంపు మీది మఱను వదులుచేసి, చేతిమీటను గొట్టుచు, నురుగు పోయి నిర్మలమైన నూనె ధార వచ్చువఱకు నాగి మఱల బిగింపవలెను. ఈ చిన్న విద్యను రహస్యముగా నుంచుకొన్న వాడు రేవున ధనవంతుడు గావచ్చును. ఆయన మాత్రము ప్రతి సరంగును బిలిచి, వాని చేతనే విప్పించి, వాని చేతనే బిగింపించెడివాడు. "సముద్రంలో నేను దొరకను. నీ చెయ్యే నీకు మేస్త్రి" యని చెప్పుచు, నొక నాజిల్, రెండు వాషరులు, చల్లనీటి పంపు రబ్బరు చక్ర మొకటి గుడ్డలో గట్టి బోటులో నుంచనిదే పంపెడివాడు గాడు. ఆ మూటకు సొమ్ము లేని వానికి తానే కొని యిచ్చెడివాడు. ఇట్లు తన బేరమును దాను జెఱుపుకొనిన పనివాని మేము మఱియొకని జూడలేదు.

1996 నవంబరు 6వ తేదీ సాయంకాలము కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను మనలో ననేకులను గొనిపోయినది. సముద్రమున నున్న బోట్లు కొన్ని తిరిగి రాలేదు, కొన్ని మడ యడవులలో జిక్కినవి. ఉప్పునీరు ద్రావిన ఇంజనును బయటికి దీసి గాలి తగులనిచ్చిన వెంటనే తుప్పుపట్టును. ఆలస్యము చేయక మంచినీటితో గడిగి, నూనె నింపి, చేతితో ద్రిప్పవలెను. మేస్త్రి తన శిష్యులతో రేయింబవళ్లు ఆ పనియే చేసెను. సామాను ఖరీదు దప్ప కూలి గొనలేదు. యజమాని తిరిగిరాని బోట్ల యింజనులను బాగుచేసి యమ్మించి, వచ్చిన పైకమంతయు నా యింటి యాడువారి చేతిలో బెట్టెను.

ఈ వ్యాసమును సంచికలో జేర్చుటకు గొందఱు సభ్యు లభ్యంతరము చెప్పిరి. మేస్త్రి మన కులమున బుట్టినవాడు గాడు గదా, కులసభ సంచికలో నాయన కేల స్థానమని వారి ప్రశ్న. ప్రశ్న సహజమైనదే, కోపగింపబని లేదు. ఆయన పాకలో బని నేర్చిన పిల్లలు మనవారు, మనవారు గానివారును గలరు. కులమడిగి స్పానరు చేతికిచ్చుట మేము చూడలేదు. మన పిల్లలలో నిరువురు నేడు సొంత షెడ్లు పెట్టుకొని కుటుంబములను బోషించుచున్నారు. వారి విద్యావంశమును వ్రాయబూనిన మొదటి పేరు మేస్త్రిదే యగును. గురువు నడుమ దెంపి వంశవృక్షము వ్రాయుట మాకు జేతగాదు. కార్యవర్గమువారు తుదకు సమ్మతించినందులకు గృతజ్ఞులము.

తూర్పుతీరమున వేటనిషేధము 2015కు ముందు 47 దినములుగా నుండెను. ఇపుడు ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు. ఇంజనులు విప్పి కట్టుటకు నదియే కాలము, బోటువాని చేత గాసు లేని కాలము నదియే. మొదటివేట వచ్చిన పిమ్మట నిత్తునన్న మాటపై మేస్త్రి పని చేసి, కాలికో పుస్తకమున వ్రాసికొనెడివాడు. అడుగుటకు వెళ్లెడివాడు గాడు. ఆయన పోయిన పిమ్మట నా పుస్తకములను జూచితిమి. 1996లో మునిగిన బోట్ల లెక్కలపై నడ్డగీత గీయబడియున్నది. తక్కినవానిపై గీతలు లేవు. అందలి పేర్లలో గొన్ని యీ సంచిక దాతల పట్టికయందును గలవు. పుస్తకములు ఆయన భార్య యొద్ద నున్నవి. అడిగినవారి కామె చూపును.