థైరాయిడ్ లోపం: చికిత్సలో బరువు అదుపు

థైరాయిడ్ గ్రంథి చాలినంత హార్మోను తయారుచేయకపోతే శరీరం శక్తిని నెమ్మదిగా ఖర్చు చేస్తుంది. ఉప్పు, నీరు నిలిచి ఒళ్లు ఉబ్బుతుంది. దీనివల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలే.

చికిత్స లెవోథైరాక్సిన్ మాత్ర. పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా ముట్టకూడదు. మోతాదు మార్చిన 6–8 వారాలకు టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించి, మోతాదు సరిపోయిందో చూస్తారు.

హోసూరు, కృష్ణగిరి తెలుగిళ్లలో రాగిముద్ద అలవాటైన తిండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. కాల్షియం ఈ మందును ఒంటబట్టనీయదు. కాబట్టి మాత్ర వేసుకున్న వెంటనే రాగిజావ తాగకూడదు. ముద్ద మానక్కర్లేదు. మధ్యాహ్నం చిన్న ముద్ద, పక్కన నిండుగా ఆకుకూర పప్పు పెట్టుకుంటే చాలు.

మోతాదు కుదిరాక ఉబ్బు దిగుతుంది. మిగతా బరువుకు నడక, తిండి కొలతే మార్గం. సన్నబడాలని మాత్ర పెంచుకుంటే గుండెదడ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి.