డాంకీ కాంగ్: ఆర్కేడ్ యంత్రం నుంచి మినీ కన్సోల్ దాకా

డాంకీ కాంగ్ 1981లో జపాన్ సంస్థ నింటెండో విడుదల చేసిన ఆర్కేడ్ వీడియో గేమ్. సగం కట్టిన భవనం పైన గొరిల్లా నిలబడి పీపాలు దొర్లిస్తుంటుంది. కింద ఉన్న వడ్రంగి వాటిని గెంతి దాటుకుంటూ, నిచ్చెనలెక్కి, అది ఎత్తుకుపోయిన యువతిని చేరుకోవాలి. 2016లో నింటెండోయే తన పాత కన్సోల్ రూపంలో తయారుచేసిన ఎన్.ఈ.ఎస్. క్లాసిక్ ఎడిషన్ ద్వారా ఈ ఆట మళ్లీ ఇళ్లలోకి వచ్చింది. అయితే వచ్చింది ఆర్కేడ్ ఆట కాదు, దాన్ని కుదించి చేసిన ఇంటి రూపం.

పుట్టుక

ఇది నష్టం పూడ్చుకోవడానికి పుట్టిన ఆట. నింటెండో అమెరికా శాఖ అధిపతి మినోరు అరకావా రాడార్ స్కోప్ అనే గేమ్ యంత్రాలను సుమారు 3,000 తెప్పించారు. వాటిలో దాదాపు 2,000 అమ్ముడుపోక మిగిలాయి. ఆ పెట్టెల్లోనే అమర్చి అమ్ముకోగల కొత్త ఆట కావాలని ఆయన జపాన్‌కు కబురు పెట్టారు. కంపెనీ ఆ పనిని షిగెరు మియామోటో అనే యువ చిత్రకారుడికి అప్పగించి, పర్యవేక్షణ గున్‌పే యోకోయ్‌కి ఇచ్చింది. మొదట పొపాయ్ కార్టూన్ పాత్రలతో చేద్దామనుకున్నారు గానీ హక్కులు దొరకలేదు. దాంతో పొపాయ్ స్థానంలో జంప్‌మ్యాన్, పొపాయ్ విరోధి బ్లూటో స్థానంలో గొరిల్లా వచ్చాయి. ఈ జంప్‌మ్యానే తర్వాత మారియో అయ్యాడు. సియాటిల్ దగ్గర టక్విలాలో నింటెండో అద్దెకున్న గోదాము యజమాని మారియో సెగాలీ పేరే అతనికి పెట్టారు. హక్కులు దొరక్కపోవడం నింటెండోకు ఇంత మేలు చేసిన సందర్భం మరొకటి లేదేమో.

కింగ్ కాంగ్ సినిమాను కాపీ కొట్టారంటూ యూనివర్సల్ స్టూడియోస్ 1982లో దావా వేసింది. అంతకుముందు వేరే కేసులో కింగ్ కాంగ్ కథ ఎవరి సొత్తూ కాదని వాదించి గెలిచింది ఆ సంస్థే! నింటెండో న్యాయవాది జాన్ కిర్బీ ఆ సంగతినే ఎత్తిచూపారు, కేసు నింటెండో గెలిచింది.

ఆట తీరు

ఆర్కేడ్ యంత్రంలో ఉన్నవి ఒక మీట, గెంతడానికి ఒక బటన్, అంతే. తెర నిలువుగా ఉంటుంది, ఎందుకంటే ఆటంతా పైకెక్కడమే. 25, 50, 75, 100 మీటర్లు అంటూ నాలుగు ఘట్టాలు. మొదటిదానిలో వాలుగా ఉన్న ఇనుప దూలాలు, పీపాలు. రెండోదానిలో సిమెంటు తట్టలు మోసే బెల్టులు. మూడోదానిలో పైకీ కిందికీ తిరిగే లిఫ్టులు. చివరిదానిలో దూలాలను పట్టి ఉంచే మేకులన్నీ తీసేస్తే గొరిల్లా తలకిందులుగా పడుతుంది. పీపా మీదుగా గెంతితే 100 పాయింట్లు. సుత్తి అందుకుంటే పీపాలను పగలగొట్టవచ్చు కానీ, అది చేతిలో ఉన్నంతసేపూ గెంతలేం, నిచ్చెన ఎక్కలేం. ఇక్కడే మియామోటో నేర్పు కనిపిస్తుంది: బలం ఇచ్చిన చేత్తోనే కాళ్లు కట్టేశాడు.

ఈ ఘట్టాలే మళ్లీ మళ్లీ వస్తూ స్థాయి పెరుగుతుంటుంది. ఈ ఆటకు ముగింపు రాయలేదు కానీ, 22వ స్థాయిలో అదే ఆగిపోతుంది. స్థాయి సంఖ్యను పదితో గుణించి 40 కలిపి కాలవ్యవధి లెక్కిస్తారు. 22వ స్థాయికి అది 260 అవుతుంది. ఒక బైటులో 255 దాటి పట్టదు కాబట్టి మిగిలేది 4. కొన్ని క్షణాల్లోనే గడువు తీరి, ఏ పీపా తగలకుండానే మారియో చనిపోతాడు.

ఇంటికి

1983 జులైలో జపాన్‌లో ఫ్యామికామ్ (జపాన్ బయట ఎన్.ఈ.ఎస్.) కన్సోల్‌తో పాటు విడుదలైన మూడు గేముల్లో డాంకీ కాంగ్ ఒకటి. మొత్తం 24 కిలోబైట్ల క్యాసెట్లో ఇమడ్చడానికి 50 మీటర్ల సిమెంటు ఘట్టాన్ని తీసేశారు. గొరిల్లా భవనం ఎక్కే తొలి దృశ్యం కూడా పోయింది. నిలువు తెర కోసం గీసిన ఆటను అడ్డంగా ఉండే టీవీకి సరిపెట్టారు. 1990ల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన చవక వీడియో గేములు ఎక్కువగా ఈ ఫ్యామికామ్‌కు నకళ్లే. వాటిలో డాంకీ కాంగ్ ఆడినవాళ్లు చూసింది కూడా ఈ మూడు ఘట్టాలనే.

2016 నవంబరులో వచ్చిన ఎన్.ఈ.ఎస్. క్లాసిక్ ఎడిషన్‌లో 30 గేములు ముందే ఎక్కించి ఉంటాయి. అప్పట్లో అమెరికాలో ధర 59.99 డాలర్లు. అరచేతిలో ఇమిడే పెట్టె, తెరుచుకోని మూత, టీవీకి హెచ్‌డీఎంఐ తీగ. లోపల ఉన్నది లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటర్, పాత కన్సోల్‌ను అనుకరిస్తుంది. కావాలంటే పాత టీవీలా తెర మీద అడ్డగీతలు కూడా వేస్తుంది. కంట్రోలర్ మీది ప్లస్ ఆకారపు బటన్‌కూ ఈ ఆటకూ పాత బంధముంది: 1982లో చేతిలో పట్టుకుని ఆడే డాంకీ కాంగ్ గేమ్ అండ్ వాచ్ కోసమే యోకోయ్ దాన్ని రూపొందించారు. కంట్రోలర్ తీగ మాత్రం 76 సెంటీమీటర్లకు మించదు. టీవీకి అతుక్కుని కూర్చోవాల్సిందే.

పెట్టె మీది రీసెట్ నొక్కితే ఆట ఎక్కడికక్కడ ఆగుతుంది, అక్కడే భద్రపరుచుకోవచ్చు. లిఫ్టుల దగ్గర ప్రాణం పోయిందా, మళ్లీ ఆ చోటికే రావచ్చు. ఆర్కేడ్‌లో ప్రతి తప్పుకూ మరో నాణెం వేయించుకోవడం కోసం అల్లిన ఆటకు ఇది పూర్తిగా వేరే స్వభావం ఇచ్చింది. తేలికైంది, ఆ కసి తగ్గింది.

2017 ఏప్రిల్ నాటికి 23 లక్షలు అమ్ముడైనా కంపెనీ తయారీ ఆపేసింది, 2018 జూన్‌లో తిరిగి అమ్మకానికి తెచ్చింది. తీసేసిన సిమెంటు ఘట్టాన్ని మాత్రం అందులో చేర్చలేదు. 2010లో యూరప్‌లో అమ్మిన ఎర్ర రంగు వీ కన్సోల్‌లో ఆ ఘట్టంతో కూడిన ఇంటి రూపాన్ని నింటెండో ఇచ్చి ఉంది కాబట్టి, ఇది చేతకాక కాదు.

అసలు ఆర్కేడ్ ప్రోగ్రాం సంగతి వేరు. దాన్ని రాసింది ఇకెగామి సుషింకి అనే కంపెనీ. హక్కుల మీద ఆ సంస్థ 1983లో నింటెండోపై కోర్టుకెక్కింది, 1990లో రాజీ కుదిరింది. ఆర్కేడ్ డాంకీ కాంగ్‌ను హామ్‌స్టర్ సంస్థ 2018 జూన్‌లో నింటెండో స్విచ్‌పై విడుదల చేసింది. అందులో నాలుగు ఘట్టాలూ ఉన్నాయి, తెరను నిలువుగా తిప్పుకునే వీలూ ఉంది. సిమెంటు తట్టల మీదుగా గెంతాలనుకునేవారు మినీ కన్సోల్ కాకుండా దీన్నే కొనుక్కోవాలి.