నిద్రకళ్ళ పాఠం

పరీక్షల రోజుల్లో మా అమ్మాయిని తెల్లవారుజామున లేపడం నాకో పెద్ద గండం. కేకలేస్తాను, దుప్పటి లాగేస్తాను, ఆఖరికి కాఫీ ఆశ చూపిస్తాను. అప్పుడల్లా నాకు లక్ష్మీబాయి గుర్తొస్తుంది.

ఆవిడ పండిత రమాబాయి తల్లి. భార్యకి సంస్కృతం నేర్పినందుకు నలుగురూ గొడవపెడితే, అనంతశాస్త్రి డోంగ్రే పడమటి కనుమల్లో గంగామూల అడవిలో కాపురం పెట్టాడు. రమాబాయి 1858లో అక్కడే పుట్టింది. పగలంతా ఇంటిచాకిరీ! అందుకని తల్లి చీకటితోనే పిల్లని ముద్దులాడి లేపి, పక్షులు కూస్తుండగా శ్లోకాలు వల్లె వేయించేదట. అంతా నోటిపాఠమే.

ఆ తర్వాత కరువొచ్చింది. రమాబాయికి పదహారేళ్ళ వయసులో అమ్మా, నాన్నా, అక్కా ఒకరి వెనక ఒకరు పోయారు. అన్న శ్రీనివాస్‌తో కాలినడకన దేశమంతా తిరిగి 1878లో కలకత్తా చేరితే, పండితులు పరీక్షించి 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. 1880లో పెళ్ళి, 1882లో వైధవ్యం. ఒళ్ళో పసిపిల్ల మనోరమ.

1883లో ఇంగ్లండులో క్రైస్తవం తీసుకుంది. ఇక్కడివాళ్ళకి కోపం. పోనీ, అక్కడివాళ్ళైనా సంతోషించారా అంటే అదీ లేదు. చెప్పిందల్లా నమ్మదు, ప్రతిదానికీ ప్రశ్నే! ఒక పురోహితుల కాడి దించుకున్నది ఇంకొకరి కాడి మోయడానికి కాదని మొహంమీదే చెప్పింది.

1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదాసదన్ తెరిచి, మరుసటేడు పూనాకు మార్చింది. పిల్లలు ఆవిడ ప్రార్థనలకి వెళ్తున్నారని 1893లో పెద్దలు చాలామందిని ఇంటికి తీసుకుపోయారు. వాళ్ళ భయం ఉత్తదని నేననను. మతం మారినవాళ్ళూ ఉన్నారు. కానీ ఇంటికెళ్ళి ఆ పిల్లలు ఏం చేశారు? మా అమ్మమ్మగారి మేనత్త పదకొండేళ్ళకి విధవరాలై, వంటింట్లోనే ముసలిదైపోయిందిట. ఆవిడకి సంతకం కూడా రాదు. ఆ మాట తలుచుకున్నప్పుడు ఎవరిపక్షం మాట్లాడాలో నాకు తోచదు.

1896-97 కరువులో రమాబాయి తనే మధ్యపరగణాలకి వెళ్ళింది. ఆకలి ఎరిగిన మనిషి కదా! సుమారు 300 మంది ఆడవాళ్ళనీ ఆడపిల్లల్నీ తెచ్చి, పూనా దగ్గర కేడ్గావ్‌లో నీడ చూపించింది. అదే ముక్తి మిషన్. అక్కడ నేత, పొలంపని, అచ్చుపని అన్నీ ఆడవాళ్ళే నేర్చుకున్నారు.

నన్ను కదిలించింది మాత్రం ఆవిడ చివరి పని. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలును మరాఠీలోకి తెచ్చింది. అంతటి సంస్కృత పండితురాలు, సంస్కృత పదాల బరువు తగ్గించి, అంతంతమాత్రం చదువుకున్న ఆడదానికి కూడా అర్థమయ్యే మాటలు ఏరుకుంది. 1921లో మనోరమ పోయింది. 1922 ఏప్రిల్ 5న ఆవిడా వెళ్ళిపోయింది. అడవిలో ఒక తల్లి నిద్రకళ్ళ పిల్లకి చెప్పిన పాఠం ఎందరి ఒళ్ళోకి చేరిందో చూడండి!

రేపు పొద్దున దుప్పటి లాగకుండా లేపి చూస్తాను. మా పిల్ల లేస్తుందన్న నమ్మకం మాత్రం లేదు సుమండీ!