హమ్రియాకు రావలసిన పరిశోధకుడు

మస్కట్ నగరమున రువీకి చేరువగా, వాదీ కబీరు పొరుగున, చెట్టు మొలవని రాతికొండల నడుమ ఇమిడియున్న హమ్రియా యను పేటలో శుక్రవారపు సాయంకాలమున నిలుచున్నవానికి, అరబ్బీ కంటె ముందుగా మలయాళమో, బంగాళీయో, తెలుగో చెవినబడుట వింత గాదు. గోదావరి జిల్లాల యాసయు, కడప యాసయు, కరీంనగరపు యాసయు అచ్చట ఒకే టీకొట్టు ముందర కలిసికొనును. వారమున కొక్కనాడు దొరకు తీరికయు, ఇంటికి పంపవలసిన సొమ్మును, తెలిసినవారి నోట వినవలసిన ఊరి కబురును వారి నచ్చటికి రప్పించుచున్నవి. సామాజిక శాస్త్రములలో డాక్టరేటునకై పాటుపడు తెలుగు విద్యార్థి యెవడైనను నన్ను విషయ మడిగినచో, నేను చూపదలచినది ఈ వీధినే. ఎందుచేతనో చెప్పుటకు ముందు, మస్కట్‌ను, అది రాజధానిగా గల ఒమాను దేశమును గూర్చి పండితులు వ్రాసిన గ్రంథముల కథ కొంత చెప్పవలెను.

పరిశోధకుడు కాగితము లెక్కడ దొరకునో అక్కడికి పోవును. తనకు తెలిసిన భాష యెవరు మాటలాడుదురో వారియొద్ద కూర్చుండును. ఇది దోషము గాదు, సహజము. కాల్విన్ ఎలెన్ అను అమెరికా విద్వాంసుడు 1978లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన డాక్టరేటు గ్రంథమున 1785 నుండి 1914 వరకు మస్కట్ రాజకీయములను, వాణిజ్యమును పరిశీలించెను. సుల్తానులతో పాటు అందు కానవచ్చువారు మన దేశపు వర్తకులే. మొదట సింధునుండియు, పిమ్మట కచ్ఛమునుండియు వచ్చిన భాటియా శెట్లు ఖర్జూరపు ఎగుమతులు సాగించి, ముత్యముల బేరము లాడి, సుల్తానుకు అప్పులిచ్చి, రేవు సుంకముల వసూలును గుత్తకు గైకొని, ఆ రాజ్యపు బొక్కసమునకే ఆధారమై నిలిచిరి. వారు లెక్కలు వ్రాసికొనిరి. వ్యాజ్యములకు బ్రిటిషు ఏజెంటు కచ్చేరి మెట్లెక్కిరి. కావుననే దస్త్రములలో మిగిలిరి. దస్త్రములలో మిగిలినవారు చరిత్రలోను మిగిలిరి.

1970 జూలై 23న ఖాబూస్ సుల్తాను ఒమాను గద్దె నెక్కునాటికి, చమురు ఎగుమతి మొదలై మూడేండ్లయినను, దేశమందంతట పట్టుమని పది కిలోమీటర్ల తారురోడ్డును, మూడు బడులును మాత్రమే యుండెనని చెప్పుదురు. అంతవరకు మూయబడియున్న తలుపులు తెరచుకొనగా, ఓడరేవులు, రహదారులు, ఆసుపత్రులు కట్టుటకు కూలీలు వచ్చిరి. వారి వెంబడి మానవశాస్త్రజ్ఞులును వచ్చిరి. నార్వే దేశీయులైన ఫ్రెడ్రిక్ బార్త్, ఉన్నీ వికాన్ దంపతులు 1974లో సొహార్ పట్టణమున మకాము పెట్టిరి. పురుషునకు ప్రవేశము లేని లోగిళ్ళలో వికాన్ కూర్చుండి, స్త్రీల మాటలను, అంతకంటె ముఖ్యముగా వారి మౌనమును ఆలకించి 1982లో గ్రంథము ప్రకటించెను. మరుసటి యేట వెలువడిన బార్త్ గ్రంథమున అరబ్బులు, బలూచీలు, పారసీకులు, బనియాలు ఒకే సంతలో బేరమాడుకొనుచు, ఎవరి గృహాచారము వారు నిలుపుకొనుచు బ్రతుకుట విశదముగా వర్ణింపబడినది. ఈ జంట గ్రంథములు నాకు మిక్కిలి ఇష్టమైనవి. కాగితము లేనిచోట చెవియే దస్త్రమగునని వికాన్ చూపినంత స్పష్టముగా చూపినవారు అరుదు.

1993లో ఒమాను దేశమున తొలి జనాభా లెక్క జరిగెను. ఇరువది లక్షల జనమున నాలుగింట ఒక వంతుకు మించి పరదేశీయులని తేలెను. లెక్కలో వారు పరదేశీయులు మాత్రమే. హమ్రియా వీధిలోనైతే ఆ యంకెకు రాజోలు, రాయచోటి, జగిత్యాల అని పేళ్ళుండును.

తెలుగు శ్రామికుల వలసను గూర్చి ఇట్టి పరిశోధన ఇదివరలో జరుగకపోలేదు. గల్ఫునకు పూర్వము మనవారికి రంగము, అనగా రంగూను, ఉండెను. కాకినాడ, విశాఖపట్టణముల నుండి పొగయోడలెక్కి, మేస్త్రి యిచ్చిన బయానా తీర్చుటకై రంగూను రేవులో మూటలు మోసిన మనవారిని, కోరంగి రేవు పేరిట, బర్మాలో కోరంగీలనిరి. 1930 మే నెలలో ఆ రేవుకూలీల సమ్మె వేళ వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టి, సమ్మె తీరగనే వారిని తొలగించుటతో చెలరేగిన అల్లరులలో తెలుగువారి రక్తము ప్రవహించెను. ఉస్మానియాలో చరిత్ర బోధించిన అడపా సత్యనారాయణ ఆగ్నేయాసియాకు పోయిన దక్షిణ భారత శ్రామికులను గూర్చి 2001లో ప్రకటించిన రచనకు ‘వలస పక్షులు’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. చదువురాని కూలివానికిని చరిత్ర కలదని ఆ రచన నిరూపించినది. అంతకు అర్ధశతాబ్దము ముందే, ఎస్. సి. దూబే ఉస్మానియానుండి సహాధ్యాపకులను, విద్యార్థులను వెంటబెట్టుకొని శామీర్‌పేటకు పోయి, ఒక తెలంగాణ పల్లెను 1955 నాటి తన గ్రంథము ద్వారా లోకమున కెరిగించెను. రంగమునకు చరిత్రకారుడు దొరకెను. శామీర్‌పేటకు మానవశాస్త్రజ్ఞుడు దొరకెను. హమ్రియాకు ఈ ఇరువురును ఒక్కనిలో కావలెను.

ఆ పని సులభమని నేననను. మన విశ్వవిద్యాలయ నిబంధనల ప్రకారము డాక్టరేటునకు మూడేండ్లు కనిష్ఠము, ఆరేండ్లు గరిష్ఠము. పనివాని ఒప్పందము తరచు రెండేండ్లది. తొలి అధ్యాయము కుదురుకొనులోపల మాటలాడినవాడు ఇల్లు చేరియుండును, లేదా మరియొక దేశము పట్టియుండును. అంతకంటె లోతైన చిక్కు వేరొకటి కలదు. ఖద్దామాగా, అనగా ఇంటి పనిమనిషిగా, పోయిన స్త్రీ అర్బాబు, అనగా యజమాని, ఇంటనే పనిచేసి, ఇంటనే నిద్రించును. అనేకులకు శుక్రవారమును లేదు. వీధిలో పరిశోధకునకు ఎదురుపడునది సెలవు దొరకినవారు, లేదా ఇల్లు విడిచి బయటపడినవారు. కావున వీధిలో విన్నది యావత్తు వ్రాసినను, తలుపు లోపలివారి కథ అందు ఉండదు. బాధపడి బయటికి వచ్చినవారి మాటలు విని అందరి గతియు ఇంతేయనుట ఎంత పొరపాటో, నెమ్మదిగా సొమ్ము పంపుకొనువారిని చూచి అందరును సుఖులేయనుటయు అంతే పొరపాటు. ముప్పది యేండ్లు నిండని స్త్రీని ఇంటిపనికి పంపరాదని మన ప్రభుత్వము నియమము పెట్టియుండుటచే, వయస్సు దిద్దించుకొని పోయినవారు తమ నిజమైన యేడును చెప్పుటకే జంకుదురు. పతాకా, అనగా నివాసపు కార్డు, గడువు దాటినవాని పేరు, ఊరు అచ్చులో కానవచ్చినచో అతనికి కీడు గలుగును. కావున పేళ్ళు మరుగుపరచుట ఇచ్చట పద్ధతి మాత్రమే గాదు, ధర్మము.

అందుచే ఈ సిద్ధాంత గ్రంథమును రెండు కొసలనుండి వ్రాయవలెనని నా దృఢాభిప్రాయము. ఒక కొస హమ్రియా. రెండవ కొస వలసపోయిన స్త్రీ బిడ్డను పెంచుచున్న అమ్మమ్మ ఇల్లు. వీసాకు చేసిన అప్పు, దానిపై వడ్డీ, తొలి జీతము చేరిన తేది, గోడలు లేచి కప్పు పడక నిలిచిపోయిన ఇల్లు, ఇవన్నియు ఆ ఇంట దొరకును. వికాన్ వలె లోపలికి పోగలుగుటకు ఆ పరిశోధకుడు స్త్రీయే యగుట మేలు, అమ్మమ్మ ఎదుట పీట వేసికొని కూర్చుండి, “ఏమ్మా, భోంచేశావా?” అన్న ప్రశ్నకు ముందుగా బదులు చెప్పి, తన ప్రశ్న పిదప అడుగగల ఓర్పు ఆమెకుండవలెను.

ఆ రెండవ కొసన వెదుకవలసిన దస్త్రము మరియొకటి కలదు. గల్ఫునకు పోయిన తొలితరమువారి ఇండ్లలో, ఫోను అందుబాటులో లేని దినములలో, ఉత్తరములతో పాటు మాటలు నింపిన కేసెట్లును వచ్చుచుండెడివి. పాటల కేసెట్లలో కలిసిపోయి కొన్ని ఇంకను అటకల మీద నుండవచ్చును. ఆ టేపు తేమకు బూజు పట్టును, ఎండకు పెళుసెక్కును. అందు మాటలాడినవారిలో 1975లో ఇరువదియైదేండ్ల ప్రాయమున పోయినవారికి ఇప్పుడు డెబ్బదియైదు దాటినవి.