రాణిగారి ఇంజనూ, బిట్రగుంట ఫైర్‌మనూ

సత్వాలో మా బిల్డింగు కింద ఒక లాండ్రీ ఉంది. శనివారం పొద్దున్నే చొక్కాలు తెచ్చుకోడానికి వెళ్తే లోపల ఆవిరి ఇస్త్రీపెట్టె బుస్సుమంటూ ఉంటుంది. ఆవిరి రైలన్నది ఎన్నడూ చూడని ఈ దుబాయిలో, ఆ ఒక్క చప్పుడుకి నాకు బిట్రగుంట గుర్తొస్తుంది. నవ్వకండి. మా నాయన అక్కడి లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా పనిచేశాడు.

తెలియనివాళ్ళకోసం చెప్తున్నా. నెల్లూరు, కావలి మధ్య, విజయవాడ-మద్రాసు లైను మీద ఉంటుంది బిట్రగుంట. ఆవిరి రోజుల్లో పెద్ద షెడ్డు, దాని చుట్టూ రైల్వే కాలనీ. లైనుకి కరెంటొచ్చింది, బొగ్గింజన్లు పోయాయి, ఊరు చల్లబడిపోయింది. మా నాయన పార దించి వేరే పనిలోకి మారాడు.

సరే, అసలు కథకొస్తాను. ఇంగ్లండులోని లీడ్స్‌లో కిట్సన్, థాంప్సన్ అండ్ హెవిట్సన్ అనే కంపెనీ 1855లో ఒక ఇంజను తయారుచేసింది. కలకత్తాకి ఓడలో వచ్చి, ఈస్టిండియన్ రైల్వేలో 22వ నంబరుగా చేరింది. 1857 తిరుగుబాటప్పుడు సిపాయిల్ని మోసే బండ్లు లాగింది. ‘ఫెయిరీ క్వీన్’ అన్న పేరు దానికి 1895లో గానీ రాలేదు. 1909లో రిటైరయింది. తర్వాత కొన్నేళ్ళు హౌరా స్టేషను బయట దిమ్మె మీద బొమ్మలా నిలబడింది. 1943లో చందౌసీలోని రైల్వే శిక్షణా పాఠశాలకీ, అక్కణ్ణించి చివరికి ఢిల్లీ రైలు మ్యూజియానికీ చేరింది.

అక్కడితో కథ కంచికి చేరాలి. చేరలేదు! 1997లో దాన్ని బాగుచేసి మళ్ళీ పట్టాలెక్కించారు. మరమ్మతు చేసింది మన పక్కనే, మద్రాసు పెరంబూర్ లోకోవర్క్స్‌వాళ్ళు. ఆ అక్టోబరులో ఢిల్లీ కంటోన్మెంట్ నుంచి ఆళ్వార్‌కి 143 కిలోమీటర్లు యాత్రికుల్ని లాక్కెళ్ళింది. ఆళ్వార్ దిగితే ఆరావళి కొండలు, సరిస్కా అడవి. 1998లో గిన్నిస్‌వాళ్ళు, క్రమం తప్పకుండా నడుస్తున్న ఇంజన్లలో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనని రాసుకున్నారు.

పాత ఇంజను బాగుచేయడమంటే తుప్పు గీకి రంగేయడమని నేననుకునేవాణ్ణి. కాదట. చక్రాలూ, రాడ్లూ అరిగితే కొత్తవి చేసుకోవచ్చు. భయమంతా బాయిలరుతోనే. ఏళ్ళతరబడి నీళ్ళూ, నిప్పూ తిన్న రేకు ఎక్కడ పలచబడిందో పైకి కనపడదు. అందుకే నిప్పు పెట్టకముందే నిండా చన్నీళ్ళు పోసి, నడిచేటప్పుడు ఉండేదానికన్నా ఎక్కువ ఒత్తిడి పెట్టి చూస్తారు. చన్నీళ్ళెందుకంటే, రేకు విచ్చితే నీళ్ళు కారతాయంతే. అదే ఆవిరైతే పేలుతుంది.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు ఫెయిరీ క్వీన్ వీడియో మా నాయనకి చూపించాను. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, చూపు అంతంత మాత్రం. ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని కాసేపు చూశాడు.

“అబ్బయా, పొగ నల్లగా వస్తా ఉండాది చూడు. బొగ్గు ఒక్కసారే కుమ్మరించినాడు. కొంచెం కొంచెంగా, పరచినట్టు ఎయ్యాల” అన్నాడు.

“నీళ్ళో?” అన్నాను.

“గేజి గ్లాసు మీంచి కన్ను తియ్యకూడదు. నీళ్ళు తగ్గితే నిప్పుపెట్టె నెత్తిన సీసం బిళ్ళ కరిగిపోద్ది. అది కరిగిందంటే ఆవిరి దిగి నిప్పారిపోద్ది. బండి నడిమధ్యలో నిలబడిపోద్ది. ఇంక ఆ ఫైర్‌మన్ మొహం ఎవరికీ చూపించలేడు.”

యాభై ఏళ్ళ కింద నేర్చిన పని! ఒక్క పొగ చూసి లోపలి నిప్పు ఎలా ఉందో చెప్పేశాడు.

అప్పుడు నాకు రెండు తేదీలు పక్కపక్కన కనపడ్డాయి. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద మామూలు ఆవిరి బండ్లు ఆగిపోయింది 1995 డిసెంబరులో, జలంధర్-ఫిరోజ్‌పూర్ లైను మీద. ఫెయిరీ క్వీన్ లేచింది 1997లో. మధ్యలో రెండేళ్ళే! అంటే నిప్పు తెలిసిన డ్రైవర్లు, ఫైర్‌మన్‌లు, ఫిట్టర్లు ఇంకా ఉన్నారన్నమాట. ఇంజను 88 ఏళ్ళు ఆగగలిగింది. మనుషులు అన్నేళ్ళు ఆగలేరు కదా.

దాని తోటి ఇంజను, 1855లోనే పుట్టిన 21వ నంబరుని కూడా పెరంబూర్‌వాళ్ళే లేపారు. 2010 ఆగస్టు 15న మద్రాసులో నడిపారు. ఫెయిరీ క్వీన్‌కి 2011లో కొన్ని భాగాలు దొంగలపాలైతే మళ్ళీ పెరంబూరే దిక్కయింది. 2017 ఫిబ్రవరిలో అది ఢిల్లీ నుంచి రేవారీకి నడిచింది. ఆ రేవారీలో 1893 నాటి పాత షెడ్డుని 2002లో ఆవిరి ఇంజన్లకోసం తెరిచారు. అక్కడ ఇంజన్లకి నిప్పు పెడుతూ ఉంటారు కాబట్టి, చూసి నేర్చుకునేవాళ్ళుంటారు. అద్దాల వెనక పెడితే ఇనుము మిగులుతుందేమో గానీ, పని మిగలదు.

మా వృత్తిలో కూడా ఇదే తంతు. ముప్ఫై ఏళ్ళనాటి ప్రోగ్రాములు బ్యాంకుల్లో ఇంకా నడుస్తూనే ఉంటాయి, రాసినవాళ్ళు రిటైరైపోయుంటారు. ప్రోగ్రాము చదవొచ్చు. ఆ ఫలానా లైను ఎందుకు పెట్టారో చెప్పడానికి మనిషుండడు. అలాంటి చోట్ల తల పట్టుకుని కూర్చోవడానికే నాకు జీతమిస్తారు. వెళ్ళిపోయేవాళ్ళ దగ్గర కూర్చుని అడిగి రాసుకోండని క్లయింట్లకి ఇరవై ఏళ్ళుగా చెప్తున్నాను. మా ఇంట్లో మాత్రం ఆ పని చేయలేదు.

ఇప్పుడు మొదలెట్టాను. ప్రతి శనివారం లాండ్రీ నుంచి రాగానే ఊరికి ఫోను చేస్తాను. నాయన చెప్తాడు, నేను నోటుబుక్కులో రాసుకుంటాను. నిన్న తడిబొగ్గు గురించి చెప్పాడు. వచ్చేవారం ఇంజెక్టరు గురించట. మీ ఇళ్ళల్లో కూడా రైల్లోనో, మిల్లులోనో, మగ్గం మీదో పనిచేసినవాళ్ళుంటే, ఈ వారమే ఒకసారి ఫోను చేయండి.